ఇంధన సంకలితాలు: నిర్ధారణ తరువాతే మందు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల మెట్ట సేద్యంలో తొలకరి పదునుకు ఉన్న విలువ విస్తరణ రంగంలో పనిచేసే వారందరికీ తెలిసినదే. నల్లరేగడిలో తడి మించితే గొర్రు సాగదు; ఆరిపోతే గడ్డ పగలదు. ఆ రెంటి నడుమ దొరికే కొద్ది రోజుల్లోనే దుక్కి, అచ్చు, విత్తు ముగియాలి. సరిగ్గా ఆ రోజుల్లో ట్రాక్టరు నల్లని పొగ కక్కుతూ బరువు లాగలేక నిలిచిపోతే, దాని యజమానితో పాటు అద్దెకు మాట్లాడుకున్న పది మంది రైతుల అదను తప్పుతుంది. విడిభాగాల దుకాణంలో చిన్న డబ్బా చేతికి వచ్చేది అటువంటి వేళలోనే. 'డీజిలులో ఇది పోయండి, పొగ పోతుంది, మైలేజీ పెరుగుతుంది' అనే మాట వినగానే ఆత్రంలో ఉన్న రైతు కొంటాడు. పురుగు కనిపించగానే మందు కొనే అలవాటు ఉన్న పత్తి, మిరప ప్రాంతంలో ఇంజనుకు కూడా మందు కొనడం వింతేమీ కాదు.

ఆ డబ్బా మంచిదా కాదా అని విస్తరణ శాస్త్రవేత్తను అడిగితే, అది తమ విషయం కాదన్న సమాధానమే తరచుగా వస్తుంది. విత్తనం, ఎరువు, సస్యరక్షణ తమ పరిధి. ఇంధనం మెకానిక్ పరిధి అన్న విభజన అది. యంత్రాలతో సాగే నేటి సేద్యంలో ఆ విభజన నిలువదు. దుక్కి నుండి పిచికారీ వరకు ప్రతి పనిలోనూ ఇంధనం ఒక ఉత్పాదకమే. సాగు ఖర్చులో దానికి నేరుగా వాటా ఉంది. ఉత్పాదకాలను ఎంపిక చేయడంలో రైతుకు తోడుండడమే విస్తరణ వ్యవస్థ పని అయినప్పుడు, ఇంధనంలో కలిపే పదార్థాల గురించి మౌనం వహించడం బాధ్యతను వదులుకోవడమే అవుతుంది.

చట్టాల అండ లేని ఉత్పాదకం

విత్తనానికి 1966 నాటి విత్తన చట్టం, పురుగుమందుకు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం, ఎరువుకు 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఉన్నాయి. జీవ ఉత్ప్రేరకాలు సైతం 2021లో ఎరువుల ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. డబ్బాలో అమ్మే ఇంధన సంకలితానికి ఈ మూడింటిలో ఏదీ వర్తించదు. మండల వ్యవసాయాధికారి దాని నమూనా తీసి ప్రయోగశాలకు పంపే ఏర్పాటు లేదు. డబ్బాపై రాసిన మాటే రైతుకు ఆధారం. చట్టం అండగా లేని చోట శాస్త్రీయ సలహా అవసరం మరింత పెరుగుతుంది.

సలహా చెప్పడానికి ముందు బంకులో దొరికే ఇంధనం ఏమిటో తెలిసి ఉండాలి. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 ఇంధనమే అమ్ముతున్నారు. దానిలో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించరాదు. డీజిలు సీటేను సంఖ్య కనీసం 51 ఉండాలి. గంధకం తొలగించే ప్రక్రియలో డీజిలు సహజమైన జారుడు గుణాన్ని కొంత కోల్పోతుంది కనుక, ప్రమాణ పరీక్షలో లోహంపై అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటరాదన్న నియమం కూడా ఉంది. ఆ నియమాన్ని అందుకోవడానికి జారుడు గుణం పెంచే పదార్థాలను శుద్ధి కర్మాగారాల దశలోనే కలుపుతారు. అంటే బంకు నుండి వచ్చే డీజిలు సంకలితాలు లేని పచ్చి నూనె కాదు. అవసరమైనవి కొలత ప్రకారం చేరిన ఇంధనం. గంధకం తగ్గింది కాబట్టి ట్యాంకుకు ఇన్ని మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ పోయాలి అనే ప్రచారంలో ఈ విషయం మరుగున పడుతోంది.

దహన గణితం

అమ్మకందార్లు ఎక్కువగా చెప్పే మాట 'ఇంధనం పూర్తిగా మండుతుంది' అన్నది. ఇది వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది, లెక్కకు మాత్రం నిలువదు. సక్రమంగా ఉన్న డీజిలు ఇంజనులో ఇంధనం 98 శాతానికి పైగా ఎలాగూ మండుతుంది. మండకుండా పోయేది రెండు శాతం లోపే. ఆ రెండు శాతాన్ని ఏదో ఒక మందు మొత్తంగా మండించిందని అనుకున్నా, దక్కే లాభం రెండు శాతమే కాని ఇరవై శాతం కాదు. డీజిలు శక్తిలో దాదాపు మూడో వంతు మాత్రమే ఇరుసుకు చేరుతుంది. మిగిలినది పొగగొట్టం ద్వారా, నీటి చల్లదనం ద్వారా, రాపిడి ద్వారా వేడిగా పోతుంది. ఆ నష్టం ఇంజను నిర్మాణానికి, ఉష్ణగతిక నియమాలకు సంబంధించినది. ట్యాంకులో పోసే చెంచాడు ద్రవం దానిని మార్చలేదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయని ప్రచారమైన వందకు పైగా పరికరాలను, సంకలితాలను పరిశీలించింది. చెప్పుకోదగిన ఆదా చూపినది ఏదీ లేదు.

ఆర్థిక గణితం కూడా ఇంతే సూటిగా ఉంటుంది. సస్యరక్షణలో ఆర్థిక నష్ట పరిమితి దాటకుండా పిచికారీ చేయవద్దని రైతులకు బోధిస్తారు. అదే సూత్రాన్ని ఇక్కడ అన్వయించవచ్చు. ఉదాహరణకు 200 రూపాయల డబ్బా 50 లీటర్ల డీజిలుకు సరిపోతుందనుకుంటే లీటరుకు 4 రూపాయల అదనపు ఖర్చు. డీజిలు లీటరు వంద రూపాయలనుకుంటే అది నాలుగు శాతం. ఇంధనం నాలుగు శాతానికి మించి ఆదా అయితేనే లాభం మొదలవుతుంది. మండని భాగమే రెండు శాతం లోపు ఉన్న ఇంజనులో ఆ గీత దాటడం సాధ్యం కాదు. ఈ చిన్న లెక్కను రైతు ముందు వేసి చూపగల విద్యార్థి పెద్ద ఉపన్యాసం చేయవలసిన పని లేదు.

ఈ నేలలో ఇంజనుకు వచ్చే అసలు జబ్బులు

ఏ ప్రాంతపు సలహా ఆ ప్రాంతపు పరిస్థితికి తగినట్లుండాలి. 2022 ఏప్రిల్ నుండి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన ఈ పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట మండలాల్లో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు సులభంగా దాటుతుంది. చలిలో డీజిలు గడ్డకట్టకుండా చేసే సంకలితాలు హిమాలయ ప్రాంతాలకు అవసరమేమో కాని ఇక్కడ వాటికి పని లేదు. అన్ని గుణాలూ ఒకే డబ్బాలో ఉన్నాయని అమ్మే మందులో ఇటువంటి గుణానికి కూడా రైతు వెల చెల్లిస్తున్నాడన్నది గమనించాలి.

ఇక్కడి ఇంజన్లను నిజంగా పీడించేవి మూడు: దుమ్ము, నీరు, నిల్వ. పొడి దుక్కిలో రోటవేటరు లేపే రేగడి దుమ్ము, సున్నపురాయి, సిమెంటు లారీలు తిరిగే బాటల దుమ్ము ఎయిర్ క్లీనరును త్వరగా పూడుస్తాయి. గాలి చాలని ఇంజను నల్లని పొగ వదులుతుంది. పొగ చూసి డీజిలులో మందు పోయడమంటే, నీటి ఎద్దడితో ఆకు వాడిన మొక్కపై తెగులు మందు చల్లడమే. ఆయిల్ బాత్ క్లీనరులోని నూనెను దుమ్ము రోజుల్లో దినమూ చూసుకోవడం, పొడి ఎలిమెంటును సమయానికి మార్చడం ఆ పొగకు మొదటి చికిత్స.

నీటి సమస్య ఇంకా సూక్ష్మమైనది. జాతీయ రహదారి పక్కనున్న బంకులు మున్నేరు, వైరా, పాలేరు ఒడ్డున ఉన్న పొలాలకు దూరం. అందుకే డీజిలు క్యాన్లలో, డ్రమ్ములలో ఊరికి చేరి రోజుల తరబడి ఉంటుంది. సగం ఖాళీ ట్యాంకులోని గాలి రాత్రి చల్లబడినప్పుడు తేమ నీటి బొట్లుగా మారి అడుగున చేరుతుంది. డీజిలుకూ నీటికీ నడుమ ఉండే పొరలో శిలీంధ్రాలు, బాక్టీరియా పెరిగి జిగురు కడతాయి. ఆ జిగురు ఫిల్టరును మూసివేస్తుంది. జింకు పూత వేసిన ఇనుప పాత్రలో డీజిలు నిల్వ చేస్తే జింకు దానిలోని ఆమ్లాలతో చర్య జరిపి సబ్బువంటి పదార్థం ఏర్పడుతుంది. అది ఇంజెక్టర్లను పాడుచేస్తుంది. వీటికి ఖర్చు లేని నివారణ ఉంది. పని ముగిసిన సాయంత్రమే ట్యాంకు నింపాలి. జింకు పూత లేని శుభ్రమైన పాత్ర వాడాలి. డ్రమ్మును కదపకుండా ఒక రోజు తేరనిచ్చి, అడుగు డీజిలును వదిలి పైది మాత్రమే తీసుకోవాలి. ఫిల్టరు గిన్నె మర తిప్పి నీటిని వదలాలి.

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మున్నేరు, కృష్ణ పొంగినప్పుడు నీట మునిగిన యంత్రాల విషయంలో ఈ పాఠం మరింత గట్టిది. వరద నీరు చేరిన ట్యాంకును ఏ సంకలితమూ బాగుచేయలేదు. నీటిని డీజిలులో సన్నని బిందువులుగా కలిపివేసే మందులైతే ఆ నీటిని నేరుగా పంపులోకీ ఇంజెక్టర్లలోకీ చేరుస్తాయి. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, ఫిల్టర్లు మార్చి, గొట్టాల్లో గాలి తీసిన తరువాతే స్టార్టు చేయాలి.

సంకలితానికి చోటున్న సందర్భాలు

సంకలితాలన్నీ మోసమనడం కూడా శాస్త్రీయం కాదు. సీటేను పెంచే 2-ఇథైల్ హెక్సైల్ నైట్రేటు డీజిలు త్వరగా అంటుకునేలా చేస్తుంది. పాలీ ఐసోబ్యుటిలీన్ సక్సినిమైడు వంటి శుద్ధికారకాలు ఇంజెక్టరు రంధ్రాలలో మసి పేరుకోకుండా చూస్తాయి. పెట్రోలు ఇంజన్లలో పాలీ ఈథర్ అమైనుకు అటువంటి గుణమే ఉంది. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తి దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార నియమాలు వచ్చాయి. వాటిలో వాడే కామన్ రైలు వ్యవస్థలో ఇంధన పీడనం వెయ్యి బార్లను మించుతుంది. ఇంజెక్టరు రంధ్రాలు అతి సన్నవి. అటువంటి ఇంజనులో మసి పేరుకున్నట్లు పరీక్షలో తేలితే, తయారీదారు సూచన పుస్తకం అనుమతించిన శుద్ధికారకం వాడటం సమంజసమే. అయితే అదే అవసరం పాత మెకానికల్ పంపు ఉన్న 35, 45 అశ్వశక్తి ట్రాక్టరుకూ ఉందనుకోవడం పొరపాటు. పాత ఇంజనులో ఇంజెక్టరును విప్పి పీడనం, పిచికారీ తీరు పరీక్షించవచ్చు. లోపం కంటికి కనిపిస్తుంది.

పనిచేయడం ఒక్కటే కొలత కాదన్నది కూడా చరిత్ర నేర్పిన పాఠం. 1921లో పెట్రోలులో కలపడానికి కనుగొన్న టెట్రా ఇథైల్ సీసం ఇంజను టకటకలాడడాన్ని నిజంగానే ఆపింది. అది గాలిలోకి, నేలలోకి, పిల్లల రక్తంలోకి చేరిన తరువాత ప్రపంచం దానిని వదులుకోవలసి వచ్చింది. భారతదేశం 2000లో సీసం పెట్రోలుకు స్వస్తి చెప్పింది. నేటి డబ్బాల్లో లోహ సమ్మేళనాలు ఉన్నవి కూడా ఉంటాయి. వాటి బూడిద కొత్త వాహనాల పొగ వడపోతలో పేరుకుంటుంది. సూక్ష్మజీవులను చంపే మందులు చర్మానికి, కళ్ళకు హాని చేస్తాయి. వాటిలో ఏముందో చెప్పని డబ్బాను రైతు ఇంటికి సిఫారసు చేయడం ఏ విధంగానూ తగదు.

పిచికారీ యంత్రం: మరచిన అసలు సంకలితం

ఈ ప్రాంత రైతు నిత్యం వాడే అసలైన సంకలితం ఒకటి ఉంది. దానిని ఎవరూ ఆ పేరుతో పిలవరు. మిరప, పత్తి చేలలో వీపున మోసే టూ-స్ట్రోకు పవర్ స్ప్రేయరుకు వేరే ఆయిలు చాంబరు ఉండదు. పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే పిస్టనుకు, బేరింగులకు ఏకైక రక్షణ. తయారీదారును బట్టి ఆ నిష్పత్తి 1:25 నుండి 1:50 వరకు ఉంటుంది. 1:25 అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు. 1:50 అంటే 20. పురుగుమందును మూత కొలతతో పోసే రైతే ఆయిలును చేతివాటంగా పోస్తాడు. తగ్గితే పిస్టను పట్టేస్తుంది. పెరిగితే ప్లగ్గు మసిబారుతుంది, మోసేవాడు పొగ పీలుస్తాడు. ఖరీదైన మైలేజీ మందుల కంటే ముందు ఈ కొలత గ్లాసును ప్రతి స్ప్రేయరు ఉన్న ఇంటికి చేర్చడం విస్తరణ కృషికి తగిన లక్ష్యం.

ఇథనాల్ కలిపిన పెట్రోలు ఈ విషయానికి కొత్త కోణం చేర్చింది. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు నేడు బంకుల్లో సాధారణమైంది. ఇథనాల్ ఆక్టేను పెంచుతుంది. కాని లీటరులో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అందువల్ల ఆ మిశ్రమంలో శక్తి ఇథనాల్ లేని పెట్రోలు కంటే ఆరేడు శాతం తగ్గుతుంది. ఈ లోటును ఏ డబ్బా మందూ పూడ్చదు. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. నీరు హద్దు మీరితే ఇథనాలూ నీరూ కలిసి అడుగుకు దిగిపోతాయి. టూటీ ఆయిలు పై పొరలోని పెట్రోలులోనే నిలిచిపోతుంది. స్ప్రేయరు అడుగు పొరను పీల్చినప్పుడు ఇంజనుకు ఆయిలే అందదు. నిల్వ ఉంచే స్టెబిలైజర్లు పెట్రోలు జిగురు కట్టడాన్ని ఆలస్యం చేయగలవు కాని విడిపోయిన పొరలను తిరిగి కలపలేవు. నీటిని పీల్చుకుంటాయని అమ్మే మందులలో చాలావరకు ఆల్కహాలే ఉంటుంది; ఇప్పటికే 20 శాతం ఆల్కహాలున్న పెట్రోలులో మరికొంత కలపడంలో అర్థం లేదు. పంటకాలం ముగియగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది అయిపోయే వరకు ఇంజను నడిపి భద్రపరచడమే సరైన పద్ధతి.

యూరియా గురించి ఒక హెచ్చరిక

భారత్ స్టేజ్-6 లారీలలో, సరకు వాహనాలలో పలు వాటికి వేరే ట్యాంకులో యూరియా ద్రవం పోస్తారు. అది డీజిలు సంకలితం కాదు. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి పొగగొట్టంలోకి చిమ్మే ద్రావణం. దానిలో శుద్ధమైన యూరియా 32.5 శాతం, బైయూరెట్ 0.3 శాతం లోపు ఉండాలి. ఎరువు యూరియాలో బైయూరెట్ 1.5 శాతం వరకు ఉండవచ్చు. పైగా 2015 నుండి దేశంలోని యూరియా అంతా వేపనూనె పూతతో వస్తోంది. ఎరువు బస్తాను నీటిలో కరిగించి వాహనంలో పోస్తే ఖరీదైన ఉత్ప్రేరకం పాడవుతుంది, రాయితీ ఎరువు పక్కదారి పడుతుంది. ఈ రెండు నష్టాలనూ కలిపి వివరించగలిగినవారు వ్యవసాయ శాస్త్రవేత్తలే.

అనుభవానికి, పరీక్షకు మధ్య

'పోసి చూశాను, మైలేజీ పెరిగింది' అనే రైతు మాటను కొట్టివేయరాదు. అతడు అబద్ధం చెప్పడం లేదు. మందు పోసిన రోజునే ఫిల్టరు మార్చి ఉండవచ్చు. నేల పదును వేరై ఉండవచ్చు. పరీక్షిస్తున్నానన్న స్పృహతో డ్రైవరు గేరు, ఎక్సలేటరు జాగ్రత్తగా వాడి ఉండవచ్చు. నలుగురి ముందు జరిగే ప్రదర్శన కూడా రుజువు కాదు. 1996లో తమిళనాడులో నీటినీ మూలికలనూ మరిగించి పెట్రోలు చేస్తామన్న ప్రదర్శన చదువుకున్న వారిని సైతం నమ్మించింది; నియంత్రిత పరీక్షలో ఆ వాదన నిలువలేదు.

నియంత్రిత పరీక్ష పెట్టడం వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేతకాని పని కాదు. ఒకే ట్రాక్టరు, ఒకే డ్రైవరు, ఒకే లోతు, ఒకే గేరు. ట్యాంకును అంచు వరకు నింపి నిర్ణీత విస్తీర్ణం దున్ని, తిరిగి అంచు వరకు నింపడానికి పట్టిన డీజిలును కొలిస్తే వినియోగం తెలుస్తుంది. సంకలితం కలిపినది, కలపనిది అనే రెండు ట్రీట్‌మెంట్లను రాండమైజ్డ్ బ్లాక్ డిజైనులో ఉంచాలి. ట్రీట్‌మెంట్లు రెండే కనుక ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 12కు తగ్గకుండా ఉండాలంటే 13 రెప్లికేషన్లు కావాలి. క్యాన్లపై సంకేత అక్షరాలు మాత్రమే ఉండాలి. ఏది ఏదో డ్రైవరుకు తెలియరాదు. ఒకదాని నుండి మరొకదానికి మారేటప్పుడు గొట్టాలు, ఫిల్టర్లలో మిగిలిన పాత ఇంధనాన్ని పూర్తిగా వదలాలి. ఒక్క చాలు దున్ని చెప్పే మాటకూ ఈ పరీక్ష చెప్పే మాటకూ ఉన్న తేడాను విద్యార్థి తన చేతులతో గ్రహిస్తాడు. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం పరిధిలోని చేలలో, బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థుల సహకారంతో ఇటువంటి పరీక్ష జరిగితే, ఫలితం ఎటు వచ్చినా రైతుకు మేలే.

అప్పటివరకు రైతుకు చెప్పవలసిన క్రమం స్పష్టం. బంకులో సాంద్రత అడిగి చూడటం, పెట్రోలుకు ఫిల్టరు కాగితం పరీక్ష చేయించుకోవడం వినియోగదారు హక్కు. తరువాత పాత్ర, తేర్చడం, నీరు తీయడం. ఆపై ఎయిర్ క్లీనరు, ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, టైర్లలో గాలి. చివరగా కారుతున్న కీళ్ళు: ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే సెకనుకొక చుక్క కారే గొట్టం రోజుకు నాలుగు లీటర్లకు పైగా నేలపాలు చేస్తుంది, అంత ఆదా ఏ డబ్బా ఇవ్వదు. ఇవన్నీ సరిచూసిన తరువాత కూడా లోపం మిగిలి, అది సంకలితంతో తీరేదని పరీక్షలో తేలితే, సూచన పుస్తకం చెప్పిన రకాన్ని చెప్పిన మోతాదులో వాడవచ్చు. పైరును చూడకుండా మందు చెప్పవద్దని విద్యార్థులకు తొలి సంవత్సరంలోనే నేర్పుతారు. ఇంజను విషయంలోనూ ఆ నియమమే పాటించాలి.